గ్లోబు మాస్టారి రోజుకో అబద్ధం

గ్లోబు మాస్టారికి ఆ పేరు ఎవరు పెట్టారో యూనివర్సిటీలో ఎవరికీ తెలీదు. ఎందుకు పెట్టారో మాత్రం ఆయన్ని ఒక్కసారి చూసినవాళ్ళకి కూడా తెలుసు. నున్నటి గుండు. పోనీ ఆ గుండైనా మెడ మీద నిటారుగా ఉంటుందా అంటే, అదీ లేదు. చిన్నప్పుడెప్పుడో మెడ పట్టేసి అలాగే ఉండిపోయిందో ఏమో, కాస్త కుడిపక్కకి వాలి ఉంటుంది. భూమి ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి తిరుగుతుందని ఆయన బోర్డు మీద బొమ్మ గీస్తుంటే, వెనక బెంచీలవాళ్ళు బోర్డు వదిలేసి ఆయన్నే చూస్తుండేవాళ్ళు. ఆయనకీ ఆ సంగతి తెలుసు.

"నన్ను చూసే గీసుకోండిరా, స్కేలు దండగ" అనేవాడు.

అంత జాగ్రఫీ చదివిన మనిషికి దిక్కులు తెలీవంటే నమ్ముతారా? ప్రపంచంలో ఏ నది ఎటు తిరిగి ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. యూనివర్సిటీలో కొత్త బిల్డింగ్ కట్టాక స్టాఫ్ రూము నుంచి క్లాసుకి మాత్రం ఏదో ఒక పిల్లవాడి వెనకాల నడిచి రావాల్సిందే. ఒకసారి వెనకాల నడిచిన పిల్లవాడు కెమిస్ట్రీ వాడైపోయాడు. ఈయన వెళ్ళి కెమిస్ట్రీ క్లాసులో నిలబడి రుతుపవనాల గురించి సగం పాఠం చెప్పేశాడు. ఏమాటకామాటే, ఆ పిల్లలు కూడా బుద్ధిగా రాసుకున్నారట. పరీక్షలకి పనికొస్తుందేమోనని.

ఇలాంటి మనిషి పాఠం ఎలా చెప్తాడని కదా? అందరిలా చెప్తే మనకీ కథే లేదు.

వాన పడితే చాలు, క్లాసు బయటికి. గొడుగులు తీసుకెళ్ళడానికి వీల్లేదు. "ఆ మెట్ల మీద పడ్డ నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో కనుక్కుని రండి" అని తరిమేవాడు. పిల్లలు తడిసి ముద్దై కాలవల వెంబడి పరిగెత్తి, చివరికి వైస్ ఛాన్సలర్ గారి కారు షెడ్డులో తేలేవాళ్ళు. నీళ్ళు అక్కడికే పోతాయి మరి. ఆ సంగతి యూనివర్సిటీ ఇంజనీరుకన్నా ముందు జాగ్రఫీ మొదటి ఏడాది పిల్లలకి తెలుసు.

రీసెర్చ్ పిల్లలతో ఇంకో పేచీ. వాళ్ళు రాసుకొచ్చిన చాప్టరు తీసుకుని, "కళ్ళు మూసుకుని కూచో" అనేవాడు. తనే గట్టిగా చదివేవాడు, వార్తలు చదివినట్టు. ఎక్కడ ఆ పిల్లో పిల్లవాడో మొహం చిట్లిస్తే అక్కడ ఆపి, "ఇది నీ మాట కాదు, ఎక్కడో ఎత్తుకొచ్చావు. కొట్టెయ్" అనేవాడు. ఎర్ర పెన్ను ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేది కాదు. పిల్లల మొహాలే చాలు.

వీటన్నిటికీ మించింది అబద్ధం.

ప్రతి పాఠంలో ఒక అబద్ధం చెప్తాడు. ఎప్పుడు చెప్తాడో చెప్పడు. నిజం చెప్పినంత నింపాదిగా, అదే గొంతుతో, మధ్యలో ఎక్కడో కలిపేస్తాడు. క్లాసు అయ్యేలోగా దాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే టీ ఆయన ఖర్చు. ఎవరూ పట్టుకోలేకపోతే పిల్లలంతా కలిసి ఆయనకి టీ ఇప్పించాలి. ఆయన ఓడిన రోజే ఎక్కువ ఉత్సాహంగా తాగేవాడు.

ఈ పిచ్చి ఊరికే పుట్టలేదు. ఆయన దగ్గర మొట్టమొదట రీసెర్చ్ చేసిన కుర్రాడు ఒకడుండేవాడు. ఏం చెప్పినా తలూపేవాడు. ఎండగా ఉందంటే ఊపేవాడు, వానొస్తుందంటే ఊపేవాడు. ఒకరోజు పరధ్యానంలో ఈయన ఉత్తరాన్ని దక్షిణం అంటే దానికీ ఊపేసి, అలాగే థీసిస్‌లో రాసుకొచ్చాడు. దాన్ని సరిదిద్దేసరికి ఈయనకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడా కుర్రాడే డిపార్ట్‌మెంట్‌కి హెడ్డు. ఊపడం మాత్రం మానలేదు, పైవాళ్ళని చూసి ఊపుతున్నాడు.

ఆ దెబ్బతో ఈయన ఒక నియమం పెట్టుకున్నాడు. క్లాసులో లేచి నిలబడి, నలుగురు వినేట్టు తన అబద్ధాన్ని పట్టుకున్నవాళ్ళకే తన దగ్గర రీసెర్చ్ సీటు. మార్కులు ఎన్నొచ్చినా సరే, సిఫార్సు ఎవరు చేసినా సరే.

రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్ళకి కొత్తగా స్కాలర్లని ఇవ్వరు. కాబట్టి ఆ ఏడు ఆయనకి మిగిలింది ఒక్కటే సీటు, అదే ఆఖరుది. ఎవరికివ్వాలో ఆయన మనసులో ఎప్పుడో తేలిపోయింది. చిక్కేమిటంటే, ఆ పిల్ల నోరు తెరవదు.

క్లాసులో అందరూ ఆ పిల్లని కిటికీ అనేవాళ్ళు. రెండేళ్ళ బట్టీ కిటికీ పక్కనే కూచుంటుంది, కిటికీలాగే గోడకి అతుక్కుని ఉంటుంది. పక్కన రేడియో అని ఒక కుర్రాడు. వాడి సంగతి పేరే చెప్తుంది. అబద్ధాన్ని పట్టుకునేది కిటికీ. కొంగ చేపని చూసినట్టు ఇట్టే చూసేది. చూసి, రేడియో చెవిలో ఊదేది. వాడు లేచి, "సార్, దొరికారు సార్" అని మైకు లేకుండా అరిచేవాడు. టీ తాగేది వాడు. పాపం, బిస్కెట్టు మాత్రం తెచ్చి ఆ పిల్లకిచ్చేవాడు.

మాస్టారు దిక్కులు చూడలేకపోయినా పెదాలు చూడగలడు. ఊదేదెవరో, అరిచేదెవరో ఆయనకి మొదటి నెలలోనే తెలిసిపోయింది.

ఒకరోజు ఆ పిల్లని పిలిచి, క్యాంటీన్ దాకా నడిపించాడు. సలహాలన్నీ నడుస్తూనే ఇస్తాడు ఆయన. తెలివైనవాళ్ళకి దగ్గర దారి, మొద్దులకి చుట్టుదారి అని పిల్లలు చెప్పుకునేవాళ్ళు కానీ, అసలు సంగతి ఆయన దారి తప్పితే చుట్టుదారి అయ్యేది.

"రీసెర్చ్ చెయ్యాలనుందా అమ్మా?" అన్నాడు.

"ఉంది సార్."

"దేనిమీద?"

ఆ పిల్ల కాసేపు చెప్పులు చూసుకుంది. "మా ఇంటి నుంచి బస్టాపుకి రెండు వీధులున్నాయి సార్. రెండూ పక్కపక్కనే. ఒకదాంట్లో నడిస్తే మామూలుగా ఉంటుంది, రెండోదాంట్లో చెప్పుల్లోంచి కూడా కాళ్ళు కాలతాయి. ఎందుకో తెలుసుకోవాలి సార్."

మాస్టారు నడుస్తున్నవాడు ఆగిపోయాడు. ఎక్కడ కాలు కాలిందో అక్కడే మనిషికి ప్రశ్న పుడుతుందని ఆయన ఎన్నేళ్ళుగానో చెప్తున్నాడు. నిజంగా కాలు కాలిన పిల్ల దొరకడం మాత్రం అదే మొదలు.

"మరి లేచి నిలబడవేమమ్మా? అన్నీ ఆ రేడియోగాడి చేతే పలికిస్తావు."

"మీరు పెద్దవారు సార్. మీ మొహం మీద తప్పని ఎలా అంటాను?"

"తప్పంటేనే సీటు. లేకపోతే లేదు. తర్వాత నేనే జాలిపడి ఇచ్చేశాననుకో, రేపు నువ్వు కూడా హెడ్డువైపోతావు."

ఆ పిల్ల నవ్వు ఆపుకుంది. క్యాంటీన్‌లో టీ ముందు కూచున్నాక అసలు మాట చెప్పింది. వాళ్ళ బాబాయి కొరియర్ ఆఫీసులో ఉద్యోగం చూసి పెట్టాడు. సీటు రాకపోతే పరీక్షలవగానే వెళ్ళి కౌంటర్లో కూచోవాలి. అమ్మ కూడా సరేనంది.

"పార్శిళ్ళ మీద అడ్రసులు రాయడం కూడా జాగ్రఫీయేలే" అన్నాడు మాస్టారు. అని, తన జోకు తనకే నచ్చక టీ సగంలో వదిలేశాడు.

ఇంతలో ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోందని కబురొచ్చింది. డిపార్ట్‌మెంట్ ఎలా నడుస్తోందో చూసి గ్రేడు ఇచ్చేవాళ్ళు. హెడ్డుకి తిండి సయించలేదు. గోడలకి సున్నం వేయించాడు, మ్యాపులకి దుమ్ము దులిపించాడు, ఎన్నడూ లేనిది గ్లోబుకి కూడా గుడ్డపెట్టి తుడిపించాడు. అంటే అసలు గ్లోబుకి. తర్వాత రెండో గ్లోబు దగ్గరికొచ్చాడు.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ రోజు మీ క్లాసుకే వస్తారట. ఆ ఒక్కరోజు అబద్ధం వద్దు సార్."

"ఆ రోజు సాయంత్రంలోగానే కదయ్యా నా స్కాలరు పేరు పైకి పంపాలంటున్నావు. అబద్ధం లేకపోతే ఎవర్ని చూసి పంపను?"

"ఎవరో ఒకర్ని పంపండి సార్. నన్ను తీసుకోలేదా మీరు?"

"అందుకేగా భయం" అన్నాడు మాస్టారు.

హెడ్డు ఆయన్ని నమ్ముకోకుండా రెండు పనులు చేశాడు. రేడియోని పిలిచి, ఆ రోజు నోరు తెరిస్తే హాజరు చాలలేదని పరీక్షకి రానివ్వనని చెప్పాడు. మాస్టారి భార్యకి ఫోన్ చేశాడు.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషి. జ్వరం ఎంతుంటే అంత చెప్తుంది, కాస్త తగ్గించి చెప్పమని బతిమాలినా చెప్పదు. కమిటీ వచ్చే రోజు పొద్దున ఆయన చొక్కాకి గుండీలు పెడుతూ అంది:

"ఏవండీ, ఇవాళ నోరు అదుపులో పెట్టుకోండి. ఒక్క అబద్ధం కూడా వద్దు."

"ఒక్కటి కూడానా?"

"మార్కెట్‌కి పంపితే పక్క వీధి ఆవిడ గేటు తీసుకుని లోపలికెళ్ళి కూచునే మనిషి. మీకు నిజాలే సరిగ్గా తెలీవు, అబద్ధాలెందుకు? నా మీద ఒట్టేయండి."

ఒట్టేశాడు. వెయ్యక చస్తాడా? పైగా ఆవిడ కొత్త బూట్లు కూడా తొడిగించింది. అవి వేళ్ళని ఏ వేలికావేలు పట్టి నొక్కుతున్నాయి. ఒట్టు పైనుంచి, బూట్లు కిందనుంచి నొక్కుతుంటే పాపం ఆ మనిషి క్లాసుకి బయల్దేరాడు.

దారిలో ఆయన బాధంతా ఒకటే. అబద్ధం లేదు కాబట్టి పట్టుకోవడం లేదు. పట్టుకోవడం లేదు కాబట్టి కిటికీకి సీటు లేదు. తనకు తనే పెట్టుకున్న నియమం కొత్త బూటుకన్నా గట్టిగా కరుస్తోంది.

క్లాసులో కమిటీ ముందు వరసలో కూచుంది. మధ్యలో ఒక పెద్దాయన, తెల్ల మీసాలు, చేతిలో బంగారు రంగు పెన్ను. అటూ ఇటూ ఇద్దరు మెంబర్లు. గోడ పక్కన నిలబడి హెడ్డు. పిల్లలందరూ ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉన్నారు. రేడియో అయితే పెదాలు రెండూ లోపలికి మడుచుకుని కూచున్నాడు, పాపం ఊపిరి ముక్కుతో తీసుకోవడం అప్పుడే నేర్చుకుంటున్నట్టు.

పాఠం సముద్రం మీది గాలులు. మాస్టారికి కొట్టినపిండి. అయినా ఆ రోజు ఒక్కో మాటా తూకం వేసి చెప్పాడు. ఏదైనా అబద్ధం దొర్లుతుందేమోనని చెప్పబోయే ప్రతి వాక్యాన్నీ లోపల ఒకసారి తిప్పి చూసుకున్నాడు. అలా తిప్పి తిప్పి చూసుకోవడంలో ఒకటి తిరగబడిపోయింది.

"ఎండ పడ్డప్పుడు నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి, నేల నిదానంగా వేడెక్కుతుంది" అన్నాడు. "అందుకని పగటిపూట గాలి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది." బోర్డు మీద సముద్రం గీసి, ఒడ్డు గీసి, ఒడ్డు మీంచి సముద్రంలోకి పెద్ద బాణం కూడా వేశాడు.

తెల్ల మీసాల పెద్దాయన బాగుందన్నట్టు తలూపి, బంగారు పెన్నుతో రాసుకున్నాడు. ఆయన ఊపడం చూసి మెంబర్లు ఊపారు. వాళ్ళు ఊపడం చూసి హెడ్డు ఊపాడు. హెడ్డుకి ఊపడంలో ఇంకొకరి సాయం అక్కర్లేదనుకోండి.

పిల్లలకి మాత్రం అర్థమైపోయింది. ఇవాళ్టి అబద్ధం ఇదే. కానీ బయటివాళ్ళ ముందు మాస్టారి పరువు తియ్యడానికి ఎవరికీ మనసు రాలేదు. తలలు వంచుకుని, బాణాన్ని ఉన్నదున్నట్టు గీసుకున్నారు. కిటికీ అలవాటు చొప్పున రేడియో వైపు వంగి చెవిలో ఊదింది. వాడు కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు.

మాస్టారు ఇదంతా గమనించే స్థితిలో లేడు. పాఠం పూర్తిచేసి, చెమట తుడుచుకుని, "ఏవైనా ప్రశ్నలా?" అన్నాడు. ఉండవని ఆయన నమ్మకం.

బెంచీ కిర్రుమంది. కిటికీ లేచి నిలబడింది.

రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకుంది. కమిటీ మొత్తం మెడలు తిప్పి చూసింది. హెడ్డు గోడకి అతుక్కుపోయాడు.

"సార్, ఇవాళ్టి అబద్ధం పట్టుకున్నాను" అంది.

మాస్టారి గుండె బూట్లలోకి జారింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పిల్ల లేచింది, తీరా చూస్తే పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. ఉత్త చేతులతో కూచోబెట్టాలి.

"లేదమ్మా" అన్నాడు మెల్లిగా. "ఇవాళ పెట్టలేదు. కూచో."

మామూలుగా అయితే ఆ పిల్ల ఆ మాటకి బెంచీ కిందికి దూరిపోవాలి. కూచోలేదు.

"పెట్టారు సార్. పోయిన ఏడాది మీరు మమ్మల్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యాహ్నంపూట ఇసుకలో చెప్పుల్లేకుండా నడవమన్నారు గుర్తుందా? ముందు నేను నడిచి చూపిస్తానన్నారు. నాలుగడుగులు వేసి, ప్యాంటు పైకెత్తి పట్టుకుని, గెంతుకుంటూ వెళ్ళి నీళ్ళలో నిలబడ్డారు. నీళ్ళే తొందరగా వేడెక్కేట్టయితే, మీరు నీళ్ళలోంచి ఇసుకలోకి గెంతేవారు సార్."

క్లాసు ఒక్కసారిగా నవ్వేసింది. రేడియో నోరు మూసుకునే ఎలా నవ్వాడో కానీ, ముక్కులోంచి ఈల వినపడింది.

మాస్టారు వెనక్కి తిరిగి బోర్డు చూశాడు. ఆ బాణం, చాక్‌పీసు అరిగేట్టు తను దిద్ది దిద్ది వేసిన బాణం, సముద్రంలోకి దూకేసి ఉంది. ఆయన గుండు మీదుగా ఎరుపు ఉత్తర ధ్రువం నుంచి కిందికి పాకింది.

తెల్ల మీసాల పెద్దాయన తను రాసుకున్నది చూసుకున్నాడు. పక్క మెంబరు, "నాకప్పుడే అనుమానం వచ్చిందండీ" అన్నాడు. "వస్తే చెప్పొద్దూ?" అన్నాడు పెద్దాయన, పెన్నుతో కొట్టేస్తూ.

హెడ్డుకి జీవితంలో మొదటిసారి బుర్ర చురుగ్గా పనిచేసింది. గోడని వదిలి ముందుకొచ్చాడు. "ఇది మా సార్ ప్రత్యేక పద్ధతి సార్. రోజూ కావాలనే ఒక తప్పు చెప్తారు. పిల్లలు పట్టుకోవాలి. కొత్త తరహా బోధన సార్."

"అద్భుతం" అన్నాడు పెద్దాయన. మీసాల కింద మొహం తేటపడింది. కావాలని పెట్టిన వలలో పడడం వేరు, ఊరికే పడడం వేరు కదా. "మమ్మల్ని కూడా పరీక్షించారన్నమాట. రాయండి, ఇది రాయాల్సిందే."

మెంబర్లిద్దరూ రాయడం మొదలుపెట్టారు. హెడ్డు మాస్టారి వైపు చూసి కళ్ళతో దణ్ణం పెట్టాడు. ఊ అంటే చాలు, గ్రేడు వచ్చినట్టే.

మాస్టారు కిటికీని చూశాడు. ఇంకా నిలబడే ఉంది. ఆట అనుకునే లేచి ఉండొచ్చు. కానీ ఆట లేదని గురువే చెప్పాక కూడా కూచోని పిల్ల. ఇప్పుడు తను ఊ అంటే, ఆ నిలబడడం కాస్తా ఆటలో భాగమైపోతుంది.

"కాదండీ" అన్నాడు. "రోజూ చెప్పే మాట నిజమే. ఇవాళ చెప్పలేదు. మా ఆవిడ మీద ఒట్టేసి వచ్చాను. ఇది ఉత్త తప్పు, నా సొంతం. తిరగేసి చెప్పాను, తిరగేసి బాణం వేశాను. తెలిసి కూడా కాదు. ఈ పిల్ల లేవకపోతే మీరూ నేనూ ఇదే నిజమనుకుంటూ ఇంటికెళ్ళి భోంచేసేవాళ్ళం."

రాస్తున్న పెన్నులు ఆగాయి. హెడ్డు మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన కాసేపు మాస్టారిని, కాసేపు ఆ పిల్లని చూశాడు. ఏదో రాసి, కాగితం మడిచాడు. ఆయన రాసింది ఒకే ఒక వాక్యమని తర్వాత తెలిసింది: "ఈ విభాగంలో విద్యార్థులకు అధ్యాపకులంటే భయం లేదు." అది మెచ్చుకోలో తిట్టో నేటికీ ఎవరికీ అర్థం కాలేదు. హెడ్డు మాత్రం దాన్ని ఫ్రేము కట్టించాలా దాచిపెట్టాలా తేల్చుకోలేక సొరుగులో పెట్టుకున్నాడు.

కమిటీ వెళ్ళాక మాస్టారు వరండాలో నిలబడి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. కిటికీ వచ్చి పక్కన నిలబడింది. ఆ పిల్ల వెనకాలే రేడియో, ఇప్పుడు మాట్లాడొచ్చా లేదా అన్నట్టు దిక్కులు చూస్తూ.

"సార్" అంది. "అబద్ధం పట్టుకుంటే సీటు అన్నారు. ఇది అబద్ధం కాదట కదా. లెక్కలోకి వస్తుందా?"

"రాదు" అన్నాడు మాస్టారు.

ఆ పిల్ల మొహం వాడిపోయింది.

"అబద్ధం నేను దాచిపెడతాను, మీరు వెతుకుతారు. దాగుడుమూతలు. ఇది అలాంటిది కాదుగా. దీనికి టీ సరిపోదు, సీటు కూడా చాలదు. కానీ నా దగ్గర సీటే ఉంది, ఏం చెయ్యను? హెడ్డు గదికి పోయి నీ పేరు రాయించి వస్తాను. మీ బాబాయికి చెప్పు, పార్శిళ్ళకి వేరే మనిషిని చూసుకోమని."

కిటికీ కళ్ళు తుడుచుకుంది. రేడియో ఆగలేక, "సార్, ఇంట్లో అమ్మగారికి ఏం చెప్తారు సార్? ఒట్టు తప్పినట్టా, తప్పనట్టా?" అన్నాడు.

"అబద్ధం చెప్పనని ఒట్టేశాను కానీ, తప్పు చెయ్యనని వెయ్యలేదురా" అన్నాడు మాస్టారు. "ఆవిడ ఒప్పుకోదనుకో. అది సాయంత్రం సంగతి."

బూట్లు ఊపుకుంటూ, వాలిన గుండు కాస్త ఇంకా వాల్చుకుని, హెడ్డు గది వైపు గబగబా బయల్దేరాడు. మెట్లు దిగి, ఎడమకి తిరిగాడు. రేడియో నవ్వుతూ నోరు తెరిచాడు కానీ, ఈసారి వాడికి ఆ అవకాశం రాలేదు.

"సార్, మళ్ళీ తప్పు" అని వరండా అంతా వినేట్టు అరిచింది కిటికీ. "అటు లేడీస్ హాస్టల్. హెడ్డు గది ఇటు."